ముందు నేర్చుకోవలసింది మాస్టారే

ఆగస్టు 29 వచ్చిందంటే ప్రతి బడిలోనూ తెలుగు భాషా దినోత్సవం. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తారు. హెడ్మాస్టరు మాట్లాడతారు, తెలుగు మాస్టారు ఇంకొంచెం ఎక్కువసేపు మాట్లాడతారు, పిల్లలు పద్యాలు అప్పజెబుతారు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఉన్న ఆశ్రమ పాఠశాలల్లోనూ ఇదే తంతు. అక్కడ పద్యం అప్పజెప్పేది సవర పిల్లలు, జాతాపు పిల్లలు. గిడుగువారు వాడుక భాష కోసం పోరాడారని, గ్రాంథికాన్ని ఎదిరించారని ఉపన్యాసం సాగుతుంది. చివర్లో, టైముంటే, ఒక వాక్యం వస్తుంది: వీరు సవరలకు కూడా సేవ చేశారు.

నా పేచీ ఆ 'కూడా'తో.

ఆయన చేసిన పనిని వరసలో పెట్టి చూడండి. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు, గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి వెళ్ళి రాజావారి బడిలో టీచరుగా చేరారు. ఆ ఊరి చుట్టూ కొండలు, కొండల్లో సవరలు. వాళ్ళకి చదువు చెప్పాలనే కోరిక పుట్టింది. ఆ కోరిక పుట్టినవాళ్ళు మామూలుగా ఏం చేస్తారు? బడి కడతారు, బోర్డు రాయిస్తారు, పలకలు పంచుతారు. గిడుగు మొదట చేసింది ఇవేవీ కావు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, ఆయన దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు. దానికే ఏళ్ళు పట్టింది. కొండల్లో తిరిగారు. అడవి జ్వరం తగిలింది. దానికి వాడిన క్వినైను చెవులని దెబ్బతీసింది. ఒక భాష వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న పంతులు ఆయన. ఆ తరవాతే సవరలో వాచకాలు రాశారు. ఆ తరవాతే సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్లకి జీతాలిచ్చి, సవర పిల్లలకి సవరలోనే చదువు మొదలుపెట్టించారు. సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. నిఘంటువు కూడా ఆ దశాబ్దంలోనిదే. 1940లో చనిపోయేదాకా ఆ పని ఆయన్ని వదల్లేదు.

ముందు తాను నేర్చుకున్నారు. తరవాత పుస్తకం. తరవాత బడి. మనం దీన్ని తలకిందులు చేశాం. ముందు భవనం శాంక్షనవుతుంది, తరవాత పోస్టు, తరవాత ఎక్కడో అచ్చయిన పుస్తకం లారీలో వస్తుంది. నేర్చుకోవడం అనే పని మొత్తం ఆరేళ్ళ పిల్లాడి నెత్తిన పడుతుంది. మాస్టారు నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఆయన డీఎస్సీ పాసయ్యారు కదా.

ఒక మనిషికి చదువు చెప్పడమంటే ఆ మనిషికి ఇప్పటికే ఏం తెలుసో ముందు తెలుసుకుని అక్కణ్నుంచి నడిపించడం. ఆ తెలుసుకోవడం లేకుండా చేసేదానికి నేను చదువు అనే పేరు ఇవ్వను. దాన్ని రవాణా అనవచ్చు. పిల్లని ఒక చోటు నుంచి ఎత్తి ఇంకో చోట దించడం.

చిన్న ఉదాహరణ. సవరలో నీళ్ళని 'డా' అంటారు. అది మనం తెలుగులో పలికే డా కాదు. మధ్యలో గొంతు ఒక్క రెప్పపాటు మూసుకుని మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ చప్పుడుకి తెలుగు అక్షరాల్లో గుర్తు లేదు. సవర తెలుగుకి చుట్టం కాదు మరి. కువి, కొండ భాషలు తెలుగుకి దూరపు అక్కచెల్లెళ్ళు, సవర మాత్రం సంతాలీ, ముండారీల కుటుంబం. సవరకంటూ ఒక లిపి ఉండాలని మంగయి గొమాంగో 1936లో సొరంగ్ సొంపెంగ్ అక్షరాలు తయారు చేశారు. ఇప్పుడు ఆలోచించండి. ఆ గొంతు మూసి తెరిచే చప్పుడుతో పెరిగిన పిల్ల బడికి వచ్చి, దాన్ని రాయలేని అక్షరాలతో, అది లేని భాషలో, మొదటి రోజే 'అ అమ్మ, ఆ ఆవు' అనాలి. వాళ్ళమ్మని ఆ పిల్ల అలా పిలవదు. ఆవు దగ్గర కూడా పెద్దగా పరిచయం ఉండకపోవచ్చు. జీలుగు చెట్టుతో ఉంటుంది, అడ్డాకుతో ఉంటుంది, కొండచీపురుతో ఉంటుంది.

ఇక్కడ గిడుగువారి గురించి ఒక మాట కూడా అనాలి, లేకపోతే నేనూ దండ వేసేవాళ్ళలో చేరిపోతాను. ఆయన ఇంట్లో ఉండి ఆయనకి సవర నేర్పిన మనిషి సంగతేమిటి? గిడుగు పుట్టినరోజు మనకి పండగ. ఆయన గురువు పుట్టినరోజు ఎవరికీ పట్టలేదు. ఆ గురువుని పుస్తకాలు 'రెండు భాషలూ వచ్చిన వ్యక్తి' అని దాటేస్తాయి. మనవాళ్ళు చెప్పింది ఎవరో రాసుకుంటే అది పాండిత్యం. మనవాళ్ళు చెప్పడం మాత్రం 'సమాచారం ఇవ్వడం'. ఈ లెక్క ఇప్పటికీ మారలేదు. మన ఊళ్ళకి వచ్చి నెల రోజులు ఉండి డాక్టరేటు తీసుకెళ్ళినవాళ్ళని అడగండి, వాళ్ళ గురువులెవరో.

ఇప్పుడు స్టాఫ్‌రూంలోకి వద్దాం. నేను పనిచేసిన ఒక బడిలో (పేరు అక్కర్లేదు, అలాంటివి చాలా ఉన్నాయి) రోజూ వినబడే మాట ఒకటుండేది: "వీళ్ళకి చదువు ఎక్కదండీ." అన్నవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. జ్వరమొస్తే పిల్లల్ని బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళే. ఒకటో తరగతిలో ఒక పిల్ల ఆరు నెలలుగా నోరు విప్పలేదు. రికార్డులో స్లో లెర్నర్ అని రాశారు. మధ్యాహ్నం అదే పిల్ల వంట ఆయమ్మ పక్కన చేరి గలగలా మాట్లాడేది. ఆయమ్మది వాళ్ళ ఊరే. పిల్లకి మాటలున్నాయి. ఆ మాటలు మాస్టారికి రావు. మరి ఇద్దరిలో స్లో లెర్నర్ ఎవరు? పన్నెండేళ్ళు అదే మండలంలో పనిచేసి పిల్లల భాషలో యాభై మాటలు నేర్చుకోని మనిషికి ఏటేటా ఇంక్రిమెంటు. ఏడాదిలో వర్ణమాల మొత్తం నేర్చుకోని ఆరేళ్ళ పిల్లకి జీవితాంతం ఉండే ముద్ర. ఆ పిల్ల ఐదో తరగతి దాటకుండానే బడి మానేస్తే తండ్రి వచ్చి తలవంచుకుని అంటాడు: "మా గుంటకి చదువు అబ్బలేదు బాబూ." తప్పు తనమీదే వేసుకుంటాడు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఆ తలవంపే.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం అక్షరాస్యత 67 శాతం. ఎస్టీల్లో 49. మన ఆడవాళ్ళలో 40. ఈ అంకెలు చూపించి మనల్ని వెనకబడినవాళ్ళంటారు. అదే అంకెల్ని నేను టీచింగ్ రిపోర్టుగా చదువుతాను. ఇన్ని దశాబ్దాలు మన దగ్గరికి వచ్చి చదువు చెప్పినవాళ్ళు ఎంతవరకు నేర్చుకున్నారో చెప్పే మార్కులు అవి.

నేనిది నెల్లిమర్లలో కూర్చుని రాస్తున్నాను. చంపావతి ఒడ్డు ఊరు. ఈ పేరు చెబితే జనానికి జూట్ మిల్లు గుర్తొస్తుంది, 1994 జనవరిలో కార్మికుల మీద జరిగిన కాల్పులు గుర్తొస్తాయి. మిల్లులోకి గోగునార కట్టలు వస్తాయి. ఒక్కో కట్టది ఒక్కో రంగు, ఒక్కో పొడవు, ఏ చెరువులో ఊరిందో ఆ చెరువు వాసన. బయటికి గోనెసంచులు వెళ్తాయి, అన్నీ ఒకే కొలత. మిల్లు పనే అది, దాన్ని తప్పుపట్టను. బడి కూడా అదే పని చేసి దానికి విద్య అని పేరు పెట్టుకుంటేనే తగాదా.

కొండ మీద నుంచి మన పిల్లలు బస్సెక్కి ఇటు మైదానానికి వస్తారు. ఇంటరుకి, ఐటీఐకి, డిగ్రీకి, నర్సింగుకి. నెల్లిమర్లలో, విజయనగరంలో గదులు అద్దెకి తీసుకుని ఉంటారు. దిగేటప్పటికే వాళ్ళకి జరగవలసింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. మొదట పేరు మారుతుంది. మన ఊళ్ళలో వారం పేరుతో మంగి, సోమి, బుధి అని పిలుచుకుంటాం. బడి రిజిస్టర్లో మంగి మంగాదేవి అవుతుంది, ఎవరినీ అడగకుండానే. తరవాత గొంతు మారుతుంది. మా వీధిలోనే అద్దెకుండే ఒక కుర్రాడు అమ్మ ఫోను చేస్తే మేడమీదికి వెళ్ళి మాట్లాడతాడు. రూమ్మేట్లు తన సవర వింటారని. పోలీసు కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు, తెలివైనవాడు. అతనికి చదువు వచ్చిందా అంటే వచ్చింది. అమ్మతో మాట్లాడ్డానికి మేడమెట్లు ఎక్కవలసి రావడం కూడా ఆ చదువులోనే వచ్చింది. ఈ రెండో పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు గానీ, మనవాళ్ళలో దాన్ని ఫెయిలైనవాళ్ళు తక్కువ.

దీనికి సర్కారు భాషలో 'జనజీవన స్రవంతిలో కలపడం' అని పేరు. స్రవంతి అంటే ఏరు కదా. నాగావళి, వంశధార, చంపావతి, ఈ మూడూ కొండల్లో పుట్టినవే. కింద ఉన్నవాళ్ళు తాగుతున్నది పైనుంచి దిగిన నీళ్ళు. అయినా పైనున్నవాళ్ళే వచ్చి స్రవంతిలో కలవాలట.

ఇక చట్టం. రాజ్యాంగంలో 350ఏ అధికరణం 1956 నుంచి ఉంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధించే ఏర్పాట్లు రాష్ట్రాలు చేయాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే అంటుంది. ఈ 'సాధ్యమైనంతవరకు' అన్న సందులోంచి ఎన్ని ప్రభుత్వాలు జారుకున్నాయో! నిజానికి సాధ్యమేనని ఈ రాష్ట్రమే ఒకసారి చూపించింది. 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, లంబాడీ, ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి, మన టీచర్లే కూర్చుని రాశారు. అందులో మన సంతలు, మన కొత్తల పండగలు, మన కథలు ఉన్నాయి. ఆ పుస్తకం తెరిచిన పిల్ల మొదటి పేజీలోనే తన ఊరు చూసుకుంటుంది. మొదటి రెండు మూడేళ్ళు సొంత భాషలో చదవడం, రాయడం పట్టుబడితే, తరవాత తెలుగులోకి దాటడం వంతెన మీద నడిచినట్టు ఉంటుంది. ఇప్పుడా పుస్తకాలు ఎన్ని బడుల్లో పిల్లల చేతుల్లో ఉన్నాయి, ఎన్ని బడుల్లో బీరువాలో ఉన్నాయి? ఈ వ్యాసం చదివే టీచరు మిత్రులు తమ బడి బీరువా తెరిచి చూడాలి.

ఇంగ్లీషు మాటేమిటని అడుగుతారు. అడగాలి కూడా. 2019 నవంబరులో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవోలు వచ్చాయి, 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ గొడవంతా తెలుగా ఇంగ్లీషా అన్నదాని మీదే నడిచింది. అటు మాట్లాడినవాళ్ళకీ ఇటు మాట్లాడినవాళ్ళకీ మూడో భాష ఒకటుందని తోచినట్టు లేదు. తెలుగు తల్లి భాష అని కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దలు, తెలుగు తల్లి భాష కాని పిల్లలు ఈ రాష్ట్రంలోనే ఉన్నారని ఒక్క ముక్క అనలేదు. మన తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలంటారు, అది నాకూ తెలుసు. షావుకారు పిల్లలు ఇంగ్లీషు చదివి కలెక్టర్లవుతుంటే మన పిల్లలు మాత్రం సవర పాటలు పాడుకుంటూ కూర్చోవాలా అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు. ఆయన కోపం న్యాయమైనదే. ఇంగ్లీషు వద్దని నేను అనను. ఇంట్లో సవర, సంతలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అయిన పిల్ల ఒకటో తరగతిలో ఒకేసారి రెండు మెట్లు ఎగరాలి. ఎగరలేక పడితే పిల్లదే తప్పంటారు. మొదటి మెట్టు కట్టకుండా మూడో మెట్టు చూపించి ఇదిగో మీ హక్కు అనడం మోసం. ఇంగ్లీషు కావాలనుకునే తండ్రి అడగవలసింది కూడా మొదటి మెట్టే. సొంత భాషలో చదివితే అర్థమవుతుందని ఒకసారి తెలిసిన పిల్ల ఏ భాషలో అర్థం కాకపోయినా ఊరుకోదు, అడుగుతుంది. అర్థం కాకపోవడమే బడి అనుకున్న పిల్ల అడగదు, కాపీ రాస్తుంది.

మాస్టారు నేర్చుకోవడం కష్టమైతే, ముందే నేర్చుకున్నవాళ్ళని మాస్టార్లుగా పెట్టొచ్చు. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 అదే చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అంది. బయటనుంచి వచ్చే టీచర్లు కొండల్లో నిలవకపోవడం, బడులు మూతబడి ఉండటం చూసి తెచ్చిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగం ఒప్పుకోదంది. రిజర్వేషను లెక్క సంగతి లాయర్లు చూసుకుంటారు. నన్ను కుట్టింది వేరు. ఆ తీర్పులో మన జీవన విధానానికి 'ఆదిమ' అనే విశేషణం వాడారు. సవర పిల్లకి సవర వచ్చిన టీచరు ఉండటం ఒక అర్హత అని, బీఈడీలా అది కూడా చదువేనని ఆ ధర్మాసనానికి అనిపించలేదు. కోర్టుని ఒక్కదాన్నే ఏమనగలం? సర్కారు కూడా జీవోని ఉద్యోగాల పంపకంగానే చూసింది. మనమూ చాలాసార్లు అలాగే వాదించాం. మన్యంలో ప్రత్యేక డీఎస్సీ కోసం ఆందోళనలు జరిగినప్పుడు ప్లకార్డుల మీద పోస్టుల సంఖ్యలు ఉంటాయి. ఆ పోస్టుల్లో చేరే మనిషికి పిల్లల భాష వచ్చి తీరాలనే షరతు కూడా ఆ ప్లకార్డుల మీద ఉండాలి. ఎస్టీ సర్టిఫికెట్టు చూపించి చేరి, పిల్లల మాట రాదని చెప్పేవాడు మనవాడైతే మాత్రం ఆ ఒకటో తరగతి పిల్లకి ఒరిగేదేముంది?

ఇది చెబితే మనవాళ్ళకి కోపం వస్తుంది. రానివ్వండి. మనలో ఉద్యోగాలొచ్చినవాళ్ళం విజయనగరంలో, పార్వతీపురంలో ఇళ్ళు కట్టుకున్నాం. మన పిల్లలకి భాష రాదు. మా జాతాపుల సంగతే చూడండి. మా భాష కువి. మా మామ్మ కువిలో కలలు కనేది, కువిలో తిట్టేది. మా నాన్న అర్థం చేసుకునేవాడు గానీ తెలుగులో జవాబిచ్చేవాడు. నా దాకా వచ్చేసరికి నాలుగు తిట్లు, రెండు పాటలు మిగిలాయి. జాతాపుల్లో చాలా ఊళ్ళు ఇలాగే మొత్తం తెలుగైపోయాయి. ఎవరూ కర్ర పట్టుకుని కొట్టలేదు. బడిలో ఆ మాటకి చోటు లేదు, కచేరీలో లేదు, సినిమాలో లేదు. చోటు లేని మాట సిగ్గవుతుంది, సిగ్గైన మాట పిల్లలకి ఇవ్వరు. సవరలకి ఇంకా భాష ఉంది. మాకు జరిగింది చూసి అయినా వాళ్ళు జాగ్రత్తపడాలి.

బడి అంటే భాష ఒక్కటే కాదు కదా అంటారు. నిజమే. ఏం తెలిస్తే మనిషి చదువుకున్నట్టు అనేది కూడా తేల్చుకోవాలి. 1970 నాటి ఒకటో రెగ్యులేషను, అందరూ 1/70 అనేది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదంటుంది. 1996 పెసా చట్టం గ్రామసభకి బలమిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి హక్కు అడగాలంటే దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనే. మన రెండు పాత జిల్లాల్లో చాలా ఆదివాసీ ఊళ్ళు షెడ్యూలు బయటే ఉండిపోయాయి. వాటికి 1/70 కాపలా కూడా లేదు. తన ఊరు షెడ్యూలు లోపలుందో బయటుందో డిగ్రీ చదివిన ఎంతమంది మన కుర్రాళ్ళకి తెలుసు? నేను చెప్పిన ఏ క్లాసులోనూ దీని మీద పరీక్షలో ప్రశ్న రావడం చూడలేదు. పానిపట్టు యుద్ధాలు మూడూ ఏయే సంవత్సరాల్లో జరిగాయో మాత్రం అందరికీ వచ్చు.

ఈ కొండల్లో ఇంకో రకం మాస్టార్లు కూడా ఉండేవారు. వెంపటాపు సత్యం కొండబారిడిలో బడిపంతులు. ఆదిభట్ల కైలాసమూ పంతులే. గిరిజన సంఘంలో వాళ్ళు నేర్పింది పాలేరు జీతం ఎంతుండాలి, తాకట్టు భూమి ఎలా పోయింది, షావుకారు కుంచం ఎంత కొలుస్తుంది అనే లెక్కలే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలని కాల్చి చంపారు. ఆ తరవాతి కథ, సాయుధ పోరాటం, 1970 జులైలో సత్యం, కైలాసం చనిపోవడం, వీటి మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉంటుంది. నేను ఇక్కడ చూస్తున్నది మొదటి భాగాన్ని. ఆ పంతుళ్ళు ఊళ్ళో ఉన్నారు, ఊరి మాట మాట్లాడారు, ఊరి లెక్కతో లెక్కలు మొదలుపెట్టారు. అంతవరకు 'చదువు ఎక్కని' మనుషులకి ఆ లెక్క ఇట్టే ఎక్కింది. 1/70 వచ్చింది ఆ అలజడి సాగుతున్న రోజుల్లోనే.

గురుకులాల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. తల్లి దగ్గర నుంచి పిల్లని తీసుకుని మేం చదివిస్తామన్నప్పుడు తల్లి పని కూడా తీసుకున్నట్టే. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించి పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు, ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. నీళ్ళు, మరుగుదొడ్లు, నర్సులు, వీటి గురించి చాలామంది రాశారు, రాయాలి. నేను టీచర్లని ఒకటే అడుగుతున్నాను. కొండ మీద నుంచి కొత్తగా వచ్చిన పిల్ల తనకి ఒంట్లో ఎలా ఉందో తన భాషలో చెబితే అర్థం చేసుకునే పెద్దమనిషి ఎన్ని హాస్టళ్ళలో ఉన్నారు? భాష అనేది సంస్కృతి, కళ అంటూ ఉత్సవాల్లో చెప్పుకునే విషయం అయిపోయింది. కడుపు నొప్పి చెప్పుకోవడానికి కూడా భాషే కావాలి.

కళ అంటే గుర్తొచ్చింది. సవర ఇళ్ళలో గోడ మీద వేసే బొమ్మ చనిపోయిన పెద్దలకి, దేవతలకి ఇచ్చే చోటు. బడిలో అది డ్రాయింగు పోటీ అయింది, ఆఫీసు గోడల మీద అలంకారమైంది. ఏ బొమ్మ ఎవరి కోసమో అడిగే టీచరుని ఇంకా చూడలేదు నేను.

విజయనగరం జిల్లాకి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో వచ్చింది. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో సొంత ప్రాంగణానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. పేరులోనే మన పేరుంది. అక్కడినుంచి మనం అడగవలసింది సీట్లతో ఆగకూడదు. ఏజెన్సీలో పనిచేయబోయే ప్రతి టీచరుకీ సవరగానీ, కువిగానీ, కొండగానీ, ఆదివాసీ ఒడియాగానీ నేర్పే కోర్సు కావాలి. దానికి పరీక్ష ఉండాలి, పాసైతేనే కొండకి పోస్టింగు. ఆ కోర్సు చెప్పేవాళ్ళు మన ముసలివాళ్ళు. వాళ్ళకి డిగ్రీ లేదని గౌరవ వేతనం అని చిల్లర చేతిలో పెట్టకూడదు, లెక్చరరుకి ఇచ్చే జీతం ఇవ్వాలి. నవ్వుతారని తెలుసు. గిడుగు తన ఇంట్లో మనిషిని పెట్టుకుని నేర్చుకున్నప్పుడు కూడా పర్లాకిమిడిలో కొందరు నవ్వే ఉంటారు.

అదంతా జరగడానికి ఏళ్ళు పడుతుంది. ఈ ఆగస్టు 29కి చేయగలిగింది ఒకటుంది, దానికి జీవో అక్కర్లేదు. పటానికి దండ వేయండి. ఉపన్యాసం మాత్రం మాస్టార్లు ఇవ్వొద్దు. ఊళ్ళోంచి ఒక ముసలమ్మని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టండి. టీచర్లు పిల్లల బెంచీల్లో కూర్చోవాలి. ఇరవై మాటలు నేర్చుకోవాలి: నీళ్ళు, ఆకలి, నొప్పి, జ్వరం, భయం, ఇంటికి వెళ్తాను. పిల్లలు పక్కన నిలబడి పలుకు సరిదిద్దుతారు. నీళ్ళ దగ్గర గొంతు ఎక్కడ ఆపాలో తెలియక మీరు తెలుగు డా అనేస్తారు. పిల్లలు పడిపడి నవ్వుతారు. నవ్వనివ్వండి, మళ్ళీ చెప్పమని వాళ్ళనే అడగండి.